పికప్‌లో పాత ప్లేయర్

“పాతది తీసేసి కొత్తది పెట్టండి. ఫోన్ కనెక్ట్ అయితే చాలు,” అంది భువన.

సింగపూర్‌లో, టోవా పాయో పేటలోని ఆ చిన్న షెడ్డులో మెకానిక్ రహీం పికప్ తలుపు తీసి లోపలికి వంగాడు. అక్కడే పుట్టిన తమిళుడు. తెలుగు బాగానే మాట్లాడతాడు.

“దీనికి ఏమైంది మేడమ్?”

“పెన్‌డ్రైవ్ లోపల ఇరుక్కుంది. తాళం తిప్పితే చాలు, ఒకటే పాట. అది అయిపోతే మళ్లీ అదే.”

“సార్ రిపేర్ చేయించలేదా?”

“ఆయనకి అలాగే ఇష్టం.”



సైన్స్ పార్క్ ఆఫీసులకు భోజనాలు చేరవేసే బండి అది. భువన వండేది. భర్త శ్రీనాథ్ తీసుకెళ్లి ఇచ్చేవాడు.

కిందటి జూన్‌లో ఒక మధ్యాహ్నం, ఖాళీ డబ్బాలతో తిరిగొస్తూ, గుండెలో నొప్పి వచ్చి బండిని రోడ్డు పక్కకు ఆపుకున్నాడు శ్రీనాథ్.

ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

భువన పోలీసులను అడిగింది. అంబులెన్స్ వాళ్లను అడిగింది.

“చివర్లో ఆయన పక్కన ఎవరైనా ఉన్నారా?”

“దారిన పోయేవాళ్లెవరో ఫోన్ చేశారు,” అన్నారు. అంతే.

అప్పటినుంచీ ఆమెకు ఏడుపు రాలేదు. ఆకలి తెలియడం లేదు. వండుతోంది, డబ్బాలు నింపుతోంది, తనే బండి నడుపుతోంది. ఆ పాట మొదలవగానే చెయ్యి దానంతటదే వెళ్లి సౌండ్ తగ్గించేస్తోంది.

ఇక రేపటినుంచి డ్రైవర్ వస్తున్నాడు. ప్లేయర్ మార్చమని అతనే అడిగాడు.

రహీం పాతదాన్ని బయటికి లాగుతుండగా, షెడ్డు ముందు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. నడివయసు. ఎండకు నల్లబడిన ముఖం, ఇస్త్రీ మడత పోని కొత్త చొక్కా.

పికప్ మీది తెలుగు అక్షరాలను చూశాడు. తర్వాత భువనను చూశాడు.

“ఈ బండి సార్‌ది కదమ్మా?”

“నాది.”

అతను తడబడ్డాడు.

“ఆ పాటల పెట్టె మారుస్తాండారా?”

“ఊఁ.”

“పాతది పారేసేటట్లయితే నేను తీసుకుంటామ్మా.”

“అది పనికిరాదు. ఒకటే పాట వస్తుంది.”

“తెలుసుమ్మా.”

ఎలా తెలుసని భువన అడగలేదు. ఫోన్‌లో రేపటి ఆర్డర్లు చూసుకుంటోంది.

“రహీం, అది ఆయనకిచ్చెయ్యండి.”

వైర్లు వేలాడుతున్న ప్లేయర్‌ను రహీం ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చాడు. ఆ మనిషి రెండు చేతులతో అందుకున్నాడు. కానీ కదల్లేదు.

“అమ్మా... సార్...”

“ఇంకేం కావాలి?”

ఆమె గొంతులో కోపం లేదు. ఏమీ లేదు.

అతను కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు.

“ఏం లేదులేమ్మా. పోయొస్తా.”

బయట, వైరు చుట్ట కోసం వెళ్లిన రహీంతో కాసేపు ఏదో మాట్లాడాడు. భువన తలెత్తలేదు.

కొత్త ప్లేయర్ బిగించడం అయింది. రహీం ఏదో పాట పెట్టాడు. పాడే మనిషి పక్కసీట్లో కూర్చున్నంత స్పష్టంగా వినిపించింది.

“సౌండ్ బాగుందా మేడమ్?”

“బాగుంది.”

బాగుందో లేదో ఆమెకు తెలియలేదు.

రహీం చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

“ఆ అన్న మీ చుట్టమా?”

“కాదు. ఎవరో.”

రహీం చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“మరి అంత ఏడ్చాడే?”

భువన రోడ్డు వైపు చూసింది. ఎదురుగా ఉన్న బస్టాపులో ఎవరూ లేరు. బస్సు అప్పుడే మలుపు తిరుగుతోంది.

“ఇవాళే ఫ్లైట్ అంట మేడమ్. వర్క్ పర్మిట్ అయిపోయింది, ఇంక రాడు. పేరు కూడా నేను అడగలేదు.”

“ఎందుకు ఏడ్చాడు?”

రహీం పాట ఆపేశాడు.

“మీకు చెప్పే ఉంటాడనుకున్నా. ఆరోజు రోడ్డు పక్కన గడ్డి కోస్తున్నాడంట. అంబులెన్స్ వచ్చేదాకా సార్ తల ఒళ్లో పెట్టుకుని, ‘నేనుండా సార్, ఈడనే ఉండా’ అంటూ కూర్చున్నది ఆ అన్నే.”