పడకగది కిటికీ సందు

ఇళ్ళలోకి చలిగాలి రాకుండా సందులు పూడ్చే డెనీస్ నిన్న మూసి వెళ్ళిన కిటికీ సందును ఎవరో లోపలి నుంచి కత్తితో తవ్వేశారు.

ఆ ఇంట్లో ఉండేది ముసలాయన ఐనో ఒక్కడే. బయట మోకాలి లోతు మంచు. సుపీరియర్ సరస్సు మీద అప్పుడే చీకటి పడింది.

"ఉడత పని అయ్యుంటుందమ్మాయ్," అన్నాడు ముసలాయన.

"ఉడతకి కత్తెవరిచ్చారు పెద్దాయనా? ఇల్లు వెచ్చబడకపోతే మీ అమ్మాయి మిమ్మల్ని పట్నం లాక్కుపోతుంది. ఇల్లు వదిలి వెళ్తారా?"



డెనీస్ వీధి గుమ్మంలో పెద్ద ఫ్యాను బిగించి తిప్పింది. అది ఇంట్లో గాలిని బయటికి లాగుతుంది. ఎక్కడ సందున్నా చలిగాలి లోపలికి తన్నుకొస్తుంది. పొగ పెట్టి చూస్తే ఆ చోటు తెలిసిపోతుంది.

పడకగది కిటికీ దగ్గర పొగ కదిలింది. కానీ ఆమె ముఖం మీదికి రాలేదు. సన్నగా సాగి, సందులోంచి బయటికి పోయింది. కాసేపు ఆగి, మళ్ళీ పోయింది. ఎవరో ఊపిరి వదులుతున్నట్టు.

డెనీస్ ఫ్యాను ఆపేసింది. ఇల్లంతా నిశ్శబ్దం. సందు దగ్గర మాత్రం ఊపిరి చప్పుడు ఆగలేదు.

"ఐనో గారూ, ఇక్కడ ఎవరున్నారు?"

ముసలాయన మంచం అంచున కూలబడ్డాడు.

"తవ్వింది నేనే. మనిషి పోగానే కిటికీ తీసి ప్రాణాన్ని పంపడం మావాళ్ళ ఆనవాయితీ. నా భార్య హిల్మా పోయినప్పుడు నేను తీయలేదు. ఒక్క రాత్రి తోడుంటుందిలే అనుకున్నాను. అప్పట్నుంచీ ఆ సందు దగ్గరే నిలబడుతోంది. నిన్న నువ్వది మూశాక, తెల్లవార్లూ హిల్మాకి ఊపిరాడలేదమ్మా."