లోపలి రేటు

“వందకి అరవై అయిదా! పట్టపగలు దోచుకుంటూ దానికో బోర్డు కూడానా?”

చారల చొక్కా ఆయన అరుపుకి విమానాశ్రయం హాల్లో సగం మంది వెనక్కి తిరిగారు. డబ్బు మార్చే కౌంటర్లో అద్దం వెనక కూర్చున్నామె మాత్రం తలైనా ఎత్తలేదు. ఆయన వెనకే లైన్లో నిలబడ్డ టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, అడిగే నాథుడొకడున్నాడు!

బోర్డు చూసినప్పటి నుంచీ ఆమె గుండె జారిపోయి ఉంది. మన వందకి వెళ్తున్న దేశం నోట్లు ఎనభై దాకా రావాలని బయల్దేరేముందు పక్కింటి పంతులమ్మ లెక్క కట్టి మరీ చెప్పింది. ఊళ్ళో బ్యాంకులోనే మార్చుకోమనీ చెప్పింది. ఆ పని మొగుడికి అప్పజెప్పడమే టైలరమ్మ చేసిన పొరపాటు. ఆయన వెళ్ళినప్పుడల్లా లైను పొడుగ్గా ఉందని మర్యాదగా తిరిగొచ్చాడు.

వెళ్తున్నది చెల్లెలింటికని అందరికీ చెప్పింది కానీ, ఆమె మనసంతా అక్కడి ఎంబ్రాయిడరీ మెషిన్ మీదుంది. ఎవరో వాడి అమ్మేస్తున్నదాన్ని చెల్లెలు బేరం కుదిర్చి పెట్టింది. ఎనభై వస్తే మెషినూ, మోటారూ, మొగుడికి బూట్లూ. అరవై అయిదే వస్తే మెషిన్ని కళ్ళారా చూసి రావడమే. రెండేళ్ళు నడుం వంచి కుట్టిన డబ్బు మరి.

“అటు చివర ఇంకో కౌంటరుంది. రేటు చూసి రానా?” అన్నాడు మొగుడు మెల్లిగా.

“బ్యాంకుకి వెళ్ళొచ్చినట్టా? కదలకుండా నిలబడండి. ఆయన్ని చూసి నేర్చుకోండి.”

మొగుడు నోరు మూసుకున్నాడు. అది ఆయనకి బాగా వచ్చిన విద్య.

టైలరమ్మ చారల చొక్కాను తేరిపార చూసింది. పెట్టె లేదు, బేడా లేదు. చేతిలో ఒక్క గుడ్డసంచి, అందులోంచి తొంగిచూస్తున్న రెండు గిన్నెల క్యారేజీ. విమానంలో తిండికి కూడా పైసా దండగ చెయ్యడన్నమాట! చొక్కా రెండో బొత్తాం మాత్రం ఊదారంగు దారంతో కుట్టి ఉంది. ఇంత తెలివైన మనిషికి తెల్లదారం వెతికే ఓపిక లేని పెళ్ళాం దొరికింది, పాపం.

“రేటు పెట్టేది నేను కాదు సార్” అంటోంది కౌంటరామె.

“ఏదడిగినా మీ చేతిలో లేదంటారు. మరి మీ చేతిలో ఉన్నదేమిటి?”

“నా ఖర్మ ఉంది సార్. మీలాంటి మనిషితో వేగడం రాసిపెట్టి ఉంది.”

“వేగండి. అరవై ఎనిమిదిచ్చేదాకా నేనిక్కణ్ణుంచి కదలను.”

“ఉండండి. అరవడం తప్ప మీకింకేం పని?”

లైన్లో నవ్వులు మొదలయ్యాయి. టైలరమ్మకి తన ఇల్లు గుర్తొచ్చింది. కాకపోతే అక్కడ రెండో గొంతు వినబడదు.

చివరికి కౌంటరామె ఓడిపోయింది. ముందుకి వంగి, గొంతు తగ్గించింది.

“గొడవ చెయ్యకండి సార్. లోపలి రేటని ఒకటుంది. మా స్టాఫ్‌కి మాత్రమే ఇచ్చేది. అరవై ఎనిమిది. పైవాళ్ళకి తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది.”

ఆ రహస్యాన్ని ఎంత గుట్టుగా చెప్పిందంటే, లైన్లో చిట్టచివరి మనిషికి కూడా స్పష్టంగా వినబడింది.

“నాకొక్కడికేనా?” చారల చొక్కా ఆయన చెయ్యి వెనక్కి చాపాడు. “వీళ్ళంతా మనుషులు కారా?”

టైలరమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. కన్నవాళ్ళు కూడా తన తరఫున ఇంత గట్టిగా మాట్లాడలేదు.

“సరే, లైన్లో ఉన్నవాళ్ళ వరకే. లైను దాటి వెళ్ళి మళ్ళీ వస్తే నాకు సంబంధం లేదు.”

ఎవరూ దాటలేదు. అటు చివర కౌంటరుకి వెళ్తున్న ఇద్దరు కూడా పరుగున వచ్చి వెనక నిలబడ్డారు.

చారల చొక్కా ఆయన కవరందుకుని పక్కకి తప్పుకున్నాడు. టైలరమ్మ తన కట్టని అద్దం కింద సందులోంచి లోపలికి తోసింది. నోట్లు లెక్కపెడుతున్న కౌంటరామె కోటు చేతి బొత్తాం చూసింది. అదీ ఊదా దారంతోనే కుట్టి ఉంది. ఈ ఊరి కొట్లలో వేరే దారం అమ్మరు కాబోలు అనుకుంది.

నీళ్ళ సీసా నింపుకొస్తానని వెళ్ళిన మొగుడు అప్పుడే తిరిగొచ్చాడు.

“మెషిన్ వస్తుంది, మోటారు రాదు. అయితేనేం, కాళ్ళున్నాయిగా, తొక్కుకుంటాను” అంది టైలరమ్మ గర్వంగా. బూట్ల సంగతి ఎత్తలేదు.

“ఆ చివర కౌంటర్లో డెబ్భై నాలుగు రాసుంది.”

“బోర్డు మీద ఎన్నయినా రాస్తారు, ఇచ్చేటప్పుడు కోస్తారు. అక్కడ మన కోసం అరిచేవాడెవడు?”

మొగుడు సీసా మూత తీసి నీళ్ళు తాగాడు.

కాసేపటికి లైను ఖాళీ అయింది. చారల చొక్కా ఆయన ఇంకా స్తంభం పక్కనే ఉన్నాడు. అందరి పనీ అయ్యేదాకా కాపలా కాశాడన్నమాట!

“ఉండండి, ఆ మహానుభావుడికో మాట చెప్పొస్తా. ఆయన్ని కట్టుకున్నామె పెట్టి పుట్టింది” అని టైలరమ్మ కదిలింది.

ఆమె వెళ్ళేసరికి ఆయన మళ్ళీ కౌంటరు దగ్గరే ఉన్నాడు. ఇంకా ఎవరి కోసం పోట్లాడుతున్నాడో పాపం. మధ్యలో మాట్లాడితే బాగుండదని ఆమె ఆయన వెనకే చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన సంచిలోంచి క్యారేజీ తీసి అద్దం పక్కన పెట్టి, లోపలికి వంగాడు.

“ఏమేవ్, తినేసి ఇంకో ఆట వేద్దామా?”