తెల్ల గీత

"మామయ్యగారూ, నడుస్తున్నారా, నిద్రపోతున్నారా?"

అల్లుడు ముందు నుంచే అరిచి, కుంచెను రంగుడబ్బాలో ముంచి, ఎదురుగా ఉన్న మాను మీద అడ్డంగా తెల్ల గీత గీశాడు. వెనక్కి తిరిగి చూడటం అతనికి అలవాటు లేదు. తన వెనక నడిచేవాళ్లలో చూడదగ్గదేమీ ఉండదని అతని నమ్మకం.

కలప లారీలు తిరిగిన పాత బాట అది. చక్రాల చాళ్ల మధ్య గడ్డి మొలిచింది. అడవంతా కొత్త చిగుళ్లు. పిట్టల కూత తప్ప చప్పుడు లేదు. రేపు పొద్దున రంపాలవాళ్లు వస్తారు, గీత ఉన్న చెట్లను కోస్తారు. ఈ బాటలు తెలిసిన పాత లారీ డ్రైవర్లలో మామగారు ఒక్కడే మిగిలాడు కాబట్టి గానీ, లేకపోతే అల్లుడు ఆయన్ని వీధి చివరిదాకా కూడా వెంట తెచ్చుకునేవాడు కాదు.

"వస్తున్నా అల్లుడుగారూ. మోకాళ్లు." మామగారు సీసా మూత తీసి తువ్వాలు తడుపుకున్నాడు.

"అబ్బ, ఏం కంపండీ! అది కాళ్లకు రాసేదా, లాంతర్లో పోసేదా?"

"పాతకాలం వైద్యం. బాగానే పనిచేస్తోంది."

"చెట్టు చెట్టుకూ మీ అడుగుల చప్పుడు ఆగిపోతోందేం? దండాలు పెడుతున్నారా?"

"అలాంటిదే. ముప్పై ఏళ్లు వీటిని నరికించి మోసినవాణ్ణి. పైన దేవుడు అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదు."

"మోసినన్నాళ్లూ గుర్తురాని దేవుడు, మోకాళ్లు అరిగాక గుర్తొచ్చాడా?"

"నేనూ అదే అడుగుతుంటానండీ, నన్ను నేను."

అల్లుడు ఫక్కున నవ్వి ఇంకో గీత గీశాడు.

ఎండ వాలేసరికి బాట వాగు దగ్గర ఆగిపోయింది, డబ్బా ఖాళీ అయింది. అల్లుడు చివరి చెట్టుకు గీత పెట్టి, డబ్బాను పొదల్లోకి విసిరి, వాగులో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు.

"పొద్దుటినుంచీ మీరు చేసింది సున్నా. రేపు నాకు వేరే పనుంది. రంపాలవాళ్లను మీరే తీసుకురండి. గీత లేని చెట్టు జోలికి పోనివ్వకండి. ఈ ఒక్క ముక్కన్నా బుర్రకెక్కిందా?"

"ఎక్కిందండీ. గీత లేని చెట్టును ఒక్కదాన్ని కూడా ముట్టుకోనివ్వను."

"ఆ మాట మీద నిలబడండి, చాలు."

అల్లుడు చేతులు తుడుచుకుని, ఇంటిదారి పట్టడానికి ఆ రోజు మొదటిసారి వెనక్కి తిరిగాడు.

బాట పొడవునా ఒక్క గీత లేదు.