గుడారం నుంచి గీత

ఆకాశమే జటాజూటమైన శివునికి నమస్కరించి ఈ కథ చెబుతున్నాను.

సరస్సు ఒడ్డున కూతురి చేతిలోని ఎర్రదీపం మళ్ళీ వెలిగి ఆరడం తల్లి గుడారంలోంచి చూసింది. నక్షత్రాల ఫోటోలకని తనను వెంటబెట్టుకొచ్చిన పిల్ల గుడారం వదిలి అంత దూరం ఎందుకు వెళ్ళినట్టు? రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఆ తల్లి, వేళ్ళతో సగం మూసిన టార్చి వెలుగులో పొదల వెంట నడిచింది.

"ఎవరికే ఆ సైగలు?"

ఆకాశంకేసి చూస్తున్న కూతురు ఉలిక్కిపడింది. "ఇక్కడ కూడా టికెట్ అడుగుతావా అమ్మా? కెమెరా సరిచూసుకుంటున్నా. ఎర్ర వెలుతురైతే చీకటికి అలవాటైన కళ్ళు చెదరవు."

"మరి నన్ను కదలొద్దన్నావెందుకు?"

"నువ్వున్న గుడారం మీద చుక్కలు పడాలని. కెమెరా కన్ను చాలాసేపు తెరిచే ఉంటుంది. ఎదుట ఏ వెలుగు కదిలినా పట్టేస్తుంది."

అప్పటిదాకా తెరిచి ఉన్న కన్ను మూస్తూ కెమెరా టక్కుమంది. తెరమీద బొమ్మ తేలింది. పైన వేనవేల చుక్కలు. కింద గుడారం గుమ్మంలో మొదలై, పొదపొదకూ ఆగుతూ, కూతురి వైపు పాకివచ్చిన తెల్లని గీత.

తల్లి దాన్ని చాలాసేపు చూసింది.

"ఈ పాము నేనేనా?"



తల్లి టార్చి ఆర్పి కూతురి చేతిలో పెట్టింది. "మళ్ళీ తియ్యి. నేను గుడారంలోనే ఉంటా."

"దీపం లేకుండా ఎలా వెళ్తావమ్మా, పడతావు."

"కళ్ళు అలవాటు పడతాయన్నావుగా," అంటూ తల్లి చీకట్లోకి నడిచింది.

ఈ కథ విన్నవారి ఇళ్ళలో తల్లీబిడ్డలు ఒకరినొకరు నమ్మి చల్లగా ఉందురు గాక.