ఊరికే ఇచ్చిన బ్రౌజర్

“ఇందులో నేనేం చూసినా ఎవరికీ కనపడదాండీ?” అంది ఆవిడ, కంప్యూటర్ ముందు కూర్చోవడానికి కూడా జంకుతూ.

“ఎవ్వరికీ కనపడదు. పైసా ఖర్చు లేని బ్రౌజర్. ప్రకటనలు రావు, ఏ కంపెనీవాడూ నీ వెంటపడడు,” అన్నాడు భర్త.

“మీక్కూడా కనపడదా?”

“నాకేం పని? షాపులో ఊపిరి సలపక చస్తుంటే!”

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే షాపు అతనిది. అందరూ మెకానిక్ అనే పిలుస్తారు. ఊరికే ఇచ్చేవాడెవడూ ఊరికే ఇవ్వడు, మన గుట్టంతా పట్టుకుపోతాడు అని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెబుతాడు. ఆ పాఠం భార్యకి మాత్రం చెప్పలేదు. ఇంట్లో బ్రౌజర్ పెట్టి, దాన్ని తన ఖాతాతోనే తెరిచాడు. ఇక్కడ ఆవిడ వెతికే ప్రతి ముక్కా అక్కడ అతని ఫోన్‌లో, హిస్టరీ అనే చోట వచ్చి పడుతుంది.

“ఈ మూల గుండ్రంగా ఏదో అక్షరం ఉందేంటండీ?”

“అదా... కంపెనీ గుర్తు. ముట్టుకోకు.”

“మరి ఇది?”

“ప్రైవేట్ విండో. అందులో చూసింది ఎక్కడా మిగలదు. నీకక్కర్లేదు.”

“నాకెందుకులెండి,” అని తలూపింది ఆవిడ.

అతను బయటికొచ్చి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. రోజూ చేసే పనే. పెళ్ళికి ముందు ఆవిడ ఒక ప్రెస్సులో టైపిస్టు. పోయినేడాది అతనికి చెప్పకుండా వెళ్ళి మళ్ళీ ఆ ఉద్యోగం అడిగింది. ఆ సాయంత్రం నుంచీ తలుపుకి తాళం, ఆవిడ ఫోను షాపు డ్రాయర్లో. దొంగల భయం అని వీధివాళ్ళకి చెప్పాడు. దొంగల భయమున్నవాడు మనిషిని లోపల పెట్టి తాళం వేస్తాడా అని ఎవరూ అడగలేదు. ఆవిడ అన్నయ్య ఒకసారి వచ్చాడు. కిటికీ ఊచల్లోంచే మాట్లాడి, “కొన్నాళ్ళు సర్దుకుపోమ్మా, బావ మనసు మంచిదే,” అని చెప్పి బస్సెక్కి వెళ్ళిపోయాడు.

మొదట్లో హిస్టరీ చప్పగా ఉండేది. గోడ మీద చెమ్మ పోవాలంటే ఏం చేయాలి. కుట్టు మిషన్ చప్పుడు చేస్తే నూనె ఎక్కడ వేయాలి. అన్నీ ఎదుటి మనిషిని అడుగుతున్నట్టు నిండు వాక్యాలే. టైపిస్టు బుద్ధి పోలేదనుకుని, ఒక చేత్తో స్క్రూలు విప్పుతూ ఆవలించేవాడు మెకానిక్.

తర్వాత వరస మారింది.

భర్త ఇంట్లో పెట్టి తాళం వేస్తే ఎవరితో చెప్పుకోవాలి.

ఒంటరి ఆడవాళ్ళకి హాస్టల్ ఎక్కడ దొరుకుతుంది.

పాత స్టేషన్ నుంచి శుక్రవారం పొద్దున ఏ రైలు ఉంది.

అతనికి కోపం రావాలి. రాలేదు. లాటరీ తగిలినట్టు మొహం వెలిగిపోయింది. వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు.

“బావగారూ, మీ చెల్లెలు లేచిపోతోంది. శుక్రవారం పొద్దున్నే, పాత స్టేషన్లో.”

“అదేం మాట బావా! ఎవరితో?”

“అదే కదా చూడాల్సింది! మీరూ రండి. సంచీతో సహా పట్టిస్తాను. ఆ తర్వాత నేనేం చేసినా నోరెత్తకూడదు మరి.”

“తాళం వేసుంటుందిగా, ఎలా వస్తుంది?”

అదొక్కటే చిక్కు. మర్నాడు హిస్టరీలోనూ అదే చిక్కు కనిపించింది. బయట వేసిన తాళం లోపల్నుంచి తీయడం ఎలా.

మెకానిక్ పొట్ట పట్టుకుని నవ్వాడు. “పాపం, తాళం తీయడం రాదట! మనమే కాస్త సాయం చేద్దాం,” అన్నాడు తనలో తాను.

శుక్రవారం అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ తాళమూ తాళంచెవీ తలుపు పక్క మేకుకే వదిలేశాడు. ఆవిడ వాటి వంక ఒకసారి చూసి, చప్పున తల తిప్పుకుంది. అది చూసి అతని ప్రాణం లేచొచ్చింది.

“తాళం వెయ్యరాండీ?”

“తొందర్లో ఉన్నాను. లోపల గడియ పెట్టుకో.”

“జాగ్రత్తగా వెళ్ళండి,” అంది ఆవిడ. ఏడాదిలో మొదటిసారి గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. ఎంత నంగనాచో అనుకున్నాడతను.

స్టేషన్లో బావాబావమరుదులు పార్సిల్ మూటల వెనక నక్కారు. పదిమందిలో భార్య చెయ్యి పట్టుకుని ఏమనాలో మెకానిక్ దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చాడు. రైలొచ్చింది. జనం దిగారు, జనం ఎక్కారు.

“ఏదీ బావా?”

“వస్తుంది. ఆడవాళ్ళు తెమలొద్దూ?”

కూత వేసి రైలు కదిలింది. ఆఖరి పెట్టె కూడా దాటిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఊడ్చే మనిషి తప్ప ఎవరూ మిగల్లేదు.

“అనవసరంగా దాన్ని అనుమానించావు బావా,” అన్నాడు అన్నయ్య, ఊపిరి పీల్చుకుని. “నే చెప్పలేదూ, మా చెల్లెలు అలాంటిది కాదు.”

భార్య పారిపోలేదని తెలిసి మెకానిక్‌కి ఏడుపొక్కటే తక్కువ. ఇన్నాళ్ళు దాచుకున్న తిట్లన్నీ నోట్లోనే మిగిలిపోయాయి.

“ధైర్యం చాల్లేదన్నమాట. ఇంట్లోనే ఏడుస్తూ కూర్చునుంటుంది. ఏం చూస్తోందో మీరే చదవండి,” అంటూ ఫోన్ తెరిచి అందించాడు.

హిస్టరీలో అన్నిటికన్నా పైన, పొద్దున అతను గడప దాటిన కాసేపటికే టైప్ చేసిన వాక్యం ఒకటి ఉంది. అన్నయ్య కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు.

“ఏవండీ, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్తున్నాను.”