అరవై రెండు కిలోలు

"అరవై రెండు కిలోలు ఎత్తేటట్టు నేర్పించప్పా" అనింది రేవతమ్మ, జిమ్ములోకి వస్తానే.

నాయుడుపేటలో ఆ జిమ్ము నడిపే ధర్మేంద్ర నవ్వు ఆపుకున్నాడు. ఆమెకు యాభై దాటి ఉంటాయి.

"ఈ వయసులో బరువులెందుకమ్మా? ఒళ్లు తగ్గాలంటే పొద్దున్నే నడిస్తే చాలు."

"ఒళ్లు తగ్గాలని కాదప్పా. మా మునిచంద్ర అంత బరువుండాడు. ఇరవై రెండేండ్లు. పుట్టినప్పట్నించీ కాళ్లూ చేతులూ ఆడవు. వాళ్ల నాయన బతికున్నన్నాళ్లూ ఆయనే ఎత్తి నీళ్లు పోసేవాడు. నిన్న నేను ఎత్తబోయి బాత్రూములో పడేసినాను. నుదుటికి నాలుగు కుట్లు పడినాయి. బిడ్డ ఏడవను కూడా లేదు, నన్నే చూస్తా ఉన్నాడు."

ధర్మేంద్రకు జిమ్ములో చేరేవాళ్లందరినీ అడిగే మాటే నోటికొచ్చింది.

"అందరూ నెలకే మానేస్తారమ్మా. నువ్వు ఎన్నాళ్లొస్తావు?"

"వాడు నాకంటే ముందు పోయేదాకా."

ఆ మాట అనడానికి ఆమె తడబడలేదు. రోజూ దేవుణ్ణి అడుక్కునేది అదే అయ్యుంటుందని ధర్మేంద్రకు అర్థమైంది.

అతను బరువుల దగ్గరికి పోలేదు. కింద చాప పరిచి, కాళ్లూ చేతులూ వదిలేసి తానే పడుకున్నాడు.

"నడుం వంచొద్దు. మోకాళ్లు వంచి, నా చంకల కింద చేతులెయ్యమ్మా."