నవ్వు పట్టే గాజు

మనోవ్యాధి పింఛను తీసుకునే ప్రతి ఒక్కరి చేతికీ సర్కారు ఒక గాజు తొడిగిన కాలం అది. పనిచేసేచోట నవ్వారా, గాజు పట్టేసి పింఛను ఆపేస్తుంది. పింఛను పోతే మందులూ పోతాయి, గురువారం డాక్టరమ్మ దగ్గర మనసు విప్పి మాట్లాడుకోవడమూ పోతుంది. అందుకే విశాఖలో ఆ జబ్బున్న వాళ్ళంతా కర్రీ పాయింట్లలో ఉల్లిపాయలు తరిగే పనికే ఎగబడేవారు. కళ్ళు కారుతుంటే గాజు నోరెత్తదు.

వరహాలూ అదే పనిలో ఉంది. పక్కన తరుగుతున్న పైడమ్మ అంది, "ఓలమ్మీ, ఇన్నావా! నా గాజు నన్ను మెచ్చుకుంది. 'మీ దుఃఖం నిలకడగా ఉంది' అన్నాది!"

వరహాలు పగలబడి నవ్వేసింది.

"మీరు కోలుకున్నారు. పింఛను రద్దు," అంది ఆమె గాజు.

పైడమ్మ గాభరాగా ఉల్లిపాయ ముక్క అందించింది. "బేగి కళ్ళకి రాసీయే!"

వరహాలు దాన్ని విసిరికొట్టింది. "నిన్న మంచం దిగనేదు. రేపు దిగుతానో నేదో తెల్దు. ఇయ్యాల పన్జేసినాను, నవ్వినాను. నవ్వితే జబ్బు పోద్దేటి?"

పైడమ్మా నవ్వేసింది. వీధి వీధంతా గాజులున్న వాళ్ళు ఆ నవ్వు అందుకున్నారు. పింఛను రద్దయిన ప్రతి ఒక్కరినీ పిలిచి విచారించాలన్నది సర్కారు పెట్టుకున్న రూలే. పింఛను ఆఫీసు మెట్ల నిండా నవ్వుతూ కూర్చున్న జనాన్ని చూసి అధికారులు చేతులెత్తేశారు. సాయంత్రానికి గాజులన్నీ పలికాయి: "పనిచేసేచోట నవ్వినా పింఛను ఆగదు."

ఆ గురువారం వరహాలు డాక్టరమ్మ ముందు ఉల్లిపాయ లేకుండా, కడుపారా ఏడ్చింది. మర్నాడు కర్రీ పాయింటుకి వెళ్ళి వేపుళ్ళ పొయ్యి దగ్గర పని అడిగి తీసుకుంది. ఉల్లిపాయలు ఇప్పుడు ఓనరే తరుక్కుంటున్నాడు.